మా హాల్లో మహా బాకా

బాకా అంటే మనవాళ్ళకు కొత్త వస్తువేమీ కాదు. గుడిలో సన్నాయి చివర పూవులా విచ్చుకునే కొస బాకాయే. జాతరలో వంకర తిరిగిన కొమ్ముబూర బాకాయే. ఎన్నికల రోజుల్లో ఆటోల మీద ఎక్కి వీధులన్నీ హోరెత్తించే లౌడుస్పీకరు బాకాయే. అంతెందుకు, ఏటి అవతలి గట్టున వున్న పడవవాణ్ణి పిలవవలసివస్తే రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి కేక వేస్తాం. ఆ దొప్ప కూడా బాకాయే. గొంతులోంచి వచ్చేది అదే కేక. చేతులు అడ్డం పెట్టగానే అది మరింత దూరం పోతుంది.

ఈ చిన్న రహస్యాన్ని పట్టుకుని, బీరువా అంత బాకాను ఇంట్లోనే తయారు చేసుకోవచ్చునని, మామూలు స్పీకర్లకు అందని మంద్రనాదాలను దానితో హాయిగా వినవచ్చునని చెబితే చాలామంది నవ్వుతారు. మా ఇంట్లోనూ నవ్వారు. అయినా తయారుచేశాను. అదెలా తయారైందో, ఎందుకు తయారు చేయవలసివచ్చిందో, దానివల్ల మా వాటాలోనూ పైవాటాలోనూ ఏమేం జరిగిందో చెబుతాను.

ఏతం వంటిది బాకా

స్పీకరులో శబ్దం పుట్టించేది ఒక కాగితపు గిన్నె. అయస్కాంతం దగ్గర వున్న తీగచుట్ట దాన్ని ముందుకూ వెనక్కూ తోస్తుంది. గిన్నె గాలిని తోస్తుంది. గాలి మన చెవిని తోస్తుంది. ఇంతవరకు బాగానే వుంది. కాని గిన్నె బరువైనది, గాలి మరీ పలచనిది. ఈకను సుత్తితో కొడితే ఎంత పని జరుగుతుందో ఇక్కడా అంతే జరుగుతుంది. మామూలు స్పీకరుకు 100 వాట్ల విద్యుత్తు ఇస్తే శబ్దంగా మారేది ఇంచుమించు ఒక్క వాటు. మిగిలిన 99 తీగచుట్టను వేడి చేయడానికే సరిపోతాయి.

మన రైతు ఏతం ఎందుకు కట్టాడు? మనిషి బలానికీ, నీటి బరువుకూ మధ్య పొత్తు కుదర్చడానికి. బాకా కూడా శబ్దానికి ఏతం వంటిదే. గొంతు దగ్గర ఇరుకైన చోట గిన్నెకు గట్టి గాలి తగులుతుంది. అక్కడి ఒత్తిడి క్రమక్రమంగా వెడల్పయ్యే దారిలో నడిచి, నోటి దగ్గర విశాలమైన గాలిని మెల్లగా కదిలిస్తుంది. ఎక్కడా కుదుపు లేదు, తోపులాట లేదు. అంచేత 100 వాట్లలో 10 మొదలు 30 వాట్ల దాకా శబ్దంగా మారగలవు. అంతకంటే పెద్ద లాభం మరొకటి వుంది. కొద్దిపాటి కదలికతోనే పని జరిగిపోతుంది కనుక గిన్నె ఆయాసపడదు. ఆయాసపడని గొంతులో అపస్వరం తక్కువ.

మరి ఇంత మంచి వస్తువు ఇంటింటా ఎందుకు లేదు? దాని పరిమాణమే దాని శత్రువు. మనిషి చెవికి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా వినిపిస్తాయని పుస్తకాలు చెబుతాయి. ఈ కంపనాలనే హెర్ట్జ్ అంటారు. సెకనుకు 1,000 కంపనాల నాదం గాలిలో అల కడితే ఆ అల పొడవు సుమారు 13½ అంగుళాలు. అదే 40 కంపనాల మంద్రనాదం అల పొడవు 28 అడుగులు! అంత అలను చక్కగా సాగనంపాలంటే బాకా నోటి చుట్టుకొలత కూడా దాదాపు అంత వుండాలి. అంటే 9 అడుగుల వ్యాసం గల గుండ్రని నోరన్నమాట. మా హాలు వెడల్పే 12 అడుగులు.

చెవి కూడా మంద్రం దగ్గర పేచీ పెడుతుంది. మధ్యస్థాయి నాదాలను చీమ చిటుక్కుమన్నా పట్టుకునే ఈ చెవి, 40 కంపనాల నాదాన్ని గుర్తించాలంటే అది 50 డెసిబెల్స్ దాకా వుండాలి. చిన్న పెట్టెలు ఆ స్థాయిలో చేతులెత్తేస్తాయి.

పెద్దలు కట్టిన బాకాలు

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టిన తరువాత దాదాపు అర్ధశతాబ్దం పాటు యంత్రం పాడిన పాట ఎక్కువగా బాకాలోంచే వచ్చింది. అప్పటికి యాంప్లిఫయర్లు లేవు. 1925లో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు ఈనాటి తరహా తీగచుట్ట స్పీకరును రూపొందించారు. యాంప్లిఫయర్లు బలపడినకొద్దీ ఇళ్ళలోంచి బాకా తప్పుకుంది. టాకీ హాళ్ళలో మాత్రం నిలిచింది. కొద్ది వాట్లతో వందలాది ప్రేక్షకులకు మాట వినిపించాలంటే బాకా తప్ప గత్యంతరం లేదు.

లండను సైన్సు మ్యూజియంలో రోడరిక్ డెన్మన్ అనే ఆయన 1929లో ఒక బాకా కట్టించాడు. పొడవు 27 అడుగులు. నోరు ఒక్కొక్క పక్క 7 అడుగుల 1 అంగుళం చదరం. సెకనుకు 32 కంపనాల దాకా పలికేది. దానిలోంచి రేడియో వినడానికి జనం మ్యూజియానికి వచ్చేవారు. 1949లో అక్కడ జరిగిన కట్టడపు పనుల్లో అది ధ్వంసమైంది. ఆ పాత కొలతలతోనే 2014లో దాన్ని మళ్ళీ నిర్మించి వినిపించారు.

ఇంటివాళ్ళకు పనికివచ్చే ఉపాయం చెప్పినవాడు పాల్ క్లిప్ష్ అనే అమెరికన్. 1904లో పుట్టి 2002 దాకా బతికాడు. యుద్ధకాలంలో అర్కన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న వూళ్ళో సైన్యోద్యోగం చేస్తూ, బాకాను మడతపెట్టి గది మూలలో నిలబెట్టాడు. 1946లో ఆ వూళ్ళోనే కంపెనీ పెట్టాడు. మూలలో ఎందుకు? ఆరుబయట నాలుగు దిక్కులకూ, పైకీ కిందికీ వ్యాపించే శబ్దం, నేల మీద పెడితే సగం చోటులోకే పోతుంది. గోడ పక్కన పెడితే నాలుగో వంతులోకి. మూలలో పెడితే ఎనిమిదో వంతులోకి. కనుక నోరు కూడా ఎనిమిదో వంతు చాలు. 9 అడుగుల వ్యాసం గల నోటి వైశాల్యం 64 చదరపు అడుగులు. అందులో ఎనిమిదో వంతు ఎంత? కేవలం 8 చదరపు అడుగులు. నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు! ఈ లెక్క తేలిన రోజున నాకు ధైర్యం చిక్కింది.

నాన్నగారి చెవులు

ఇంతకూ నాకీ ప్రయాస ఎందుకంటారేమో. మా నాన్నగారికి 78 ఏళ్ళు. నలభై ఏళ్ళపాటు చుట్టుపక్కల వూళ్ళ హరికథలకూ, నవరాత్రి కచేరీలకూ మృదంగం వాయించారు. గుమాస్తా ఉద్యోగం పొట్టకోసం, మృదంగం ప్రాణంకోసం. అలాంటి మనిషి రెండేళ్ళుగా సంగీతం పెడితే లేచి వరండాలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. మృదంగం గలీబులో దూరి అటక ఎక్కింది.

చెవి డాక్టరుగారు పరీక్ష చేసి గీత గీసి చూపించారు. ఎడమవైపు, అంటే మంద్రస్థాయిలో, గీత దాదాపు సరిగానే వుంది. కుడివైపుకు, తారస్థాయికి పోయేకొద్దీ మెట్లు దిగినట్టు జారిపోయింది. వయసుతో వచ్చే చెవుడు ఎక్కువమందిలో ఇలాగే పైస్థాయి నుంచి మొదలవుతుందట. స, శ, త వంటి హల్లులు ముందుగా మరుగవుతాయి. అంచేతనే ముసలివారు ‘వినిపిస్తోంది గాని అర్థం కావడం లేదు’ అంటారు. డాక్టరుగారు చెవి మిషను రాశారు. మాటలకు అది చాలావరకు సాయపడింది.

సంగీతం సంగతి వేరు. ఒకనాటి సాయంత్రం నాన్నగారు టీవీ కేసి చెయ్యి చూపించి అన్నారు:

“ఒరేయ్ అబ్బాయ్! పై స్వరాలు నా చెవి తినేసింది. కింది స్వరాలు ఆ పెట్టె తినేసింది. మధ్యన నాకు మిగిలిందేమిటిరా?”

ఆయన మాటలో శాస్త్రమంతా వుంది. అరచెయ్యంత వెడల్పు లేని టీవీ స్పీకరు మృదంగం ఎడమ మూతను, అంటే తొప్పిని, పలికించలేదు. ఆ తొప్పికి రవ్వముద్ద మెత్తి, మణికట్టుతో నొక్కి తీసే ‘గుం’ అనే నాదం సెకనుకు 100 కంపనాలకు అటూ ఇటూగా వుంటుంది. ఆ భాగం ఆయన చెవికి ఇంకా అందుతుంది. అందనిది పెట్టె నుంచి మాత్రమే. చెవిని బాగుచేయడం నా చేతిలో లేదు. పెట్టెను బాగుచేయడం నా చేతిలో వుంది.

చక్రవడ్డీ లెక్క

బాకా వెడల్పు ఇష్టం వచ్చినట్టు పెరిగితే పనికిరాదు. చక్రవడ్డీలా పెరగాలి. అప్పు ఇన్నేళ్ళకొకసారి రెట్టింపైనట్టే, దారి వైశాల్యం ఇంత దూరానికొకసారి రెట్టింపు కావాలి. 40 కంపనాల బాకాకు ఆ దూరం సుమారు 47 సెంటీమీటర్లు. నేను కొన్నది 12 అంగుళాల స్పీకరు. బలమైన అయస్కాంతం, తేలిక గిన్నె గలది. దాని ముందు 350 చదరపు సెంటీమీటర్ల గొంతు వదిలాను. అక్కడి నుంచి 47 సెంటీమీటర్లు నడిస్తే 700, మరో 47 నడిస్తే 1,400, ఆపైన 2,800, ఆపైన 5,600. ఇంకో జానెడు నడిచేసరికి 7,400 చదరపు సెంటీమీటర్లు. అంటే మనకు కావలసిన 8 చదరపు అడుగుల నోరు. మొత్తం దారి 2 మీటర్ల 9 సెంటీమీటర్లు.

“ఏడడుగులకు ఓ రెండంగుళాలు తక్కువ,” అన్నాను మా ఆవిడతో గర్వంగా.

“ఏడడుగులూ నాతో నడిచారుగా, దీనికి తక్కువైనా ఫరవాలేదు. ముందు అది గుమ్మంలోంచి లోపలికి వస్తుందేమో కొలవండి,” అన్నది మా ఆవిడ.

నిజానికి ఇంత మంచి సలహా ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మంద్రనాదపు అల పొడుగైనది కనుక దారి మలుపులు తిరిగినా దానికి పట్టదు. అందుకే మంద్రపు బాకాను మడతపెట్టవచ్చు, తారస్థాయి బాకాను మడతపెట్టకూడదు. ఏడడుగుల దారిని మడిచి 4 అడుగుల ఎత్తు, 3½ అడుగుల పొడవు, 2 అడుగుల లోతు గల పెట్టెలో ఇమిడ్చాను. లోతు రెండడుగులే గనుక గుమ్మం దాటుతుంది. లెక్కలు సరిచూడడానికి హార్న్‌రెస్ప్ అనే ఉచిత ప్రోగ్రాము వుంది. కొలతలు ఇస్తే ఏ నాదం ఎంత గట్టిగా పలుకుతుందో గీత గీసి చూపిస్తుంది. చెక్క కోయకముందే పెట్టె పాటను కాగితం మీద చూడవచ్చునన్నమాట.

మేస్త్రీ పట్టిన తప్పు

వడ్రంగి మేస్త్రీ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇదేటండి బాబుగారూ! బీరువా అంటారు, తలుపు లేదు. గాదె అంటారు, గింజ నిలవదు. లోపలంతా సందులే!”

సందులే దాని ప్రాణమని చెప్పి ఒప్పించాను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు నాలుగు తెప్పించాము. మేస్త్రీ ఒక అంచును వేలితో నిమిరి, కొలబద్ద పెట్టి, “ఇది పద్దెనిమిది కాదండి, పదహారున్నరండి,” అన్నాడు. కొట్టువాడు పద్దెనిమిది లెక్కే వేశాడు. తిరిగి పంపితే వారం ఆలస్యం. మేస్త్రీయే దారి చెప్పాడు. “చెక్క మందంతో మనకేం పనండి? లోపలి సందు కొలత చెప్పండి. సందు కాపాడతాను. మందం తగ్గినచోట బద్దలేసి బిగిస్తాను.” ఆ తరువాత పని అంతా లోపలి కొలతలతోనే సాగింది. మూలమట్టం పెట్టి, చిత్రిక పట్టి, కీలు కీలుకూ జిగురు నింపి, స్క్రూలు బిగించాడు. పలకలు వణికితే అవి కూడా పాడడం మొదలుపెడతాయి. అంచేత అడ్డబద్దలు ధారాళంగా వేయించాను.

స్పీకరు వీపు వైపు గది గాలి చొరకుండా మూసివుండాలి. ఎక్కడైనా చిల్లి వుంటే ఈలలు వేస్తుంది. మూత బిగించి, స్పీకరును మెల్లగా మోగిస్తూ కీళ్ళ వెంట అగరువత్తి పట్టుకుని నడిచాము. పొగ తిన్నగా లేస్తే సరే. వణికిందా, అక్కడ లప్పం పెట్టాలి. మూడుచోట్ల వణికింది.

పన్నెండు రోజులకు పెట్టె పూర్తయింది. నూరు కిలోల పైచిలుకు బరువు. నలుగురు పట్టి, గది మూలలో గోడకు వీపు ఆనించి, నోరు గోడ వెంబడే గదిలోకి తిరిగేటట్టు నిలబెట్టాము. మొత్తం ఖర్చు ఓ మోస్తరు పెద్ద టీవీ ఖరీదయింది.

గది కూడా వాయిద్యమే

బాకా దాని లెక్క కంటే కిందిస్థాయిలో గిన్నెకు ఆసరా ఇవ్వదు. ఆసరా లేని గిన్నె విపరీతంగా ఊగి చిరిగిపోతుంది. అందుకని 35 కంపనాలకు కింద, 120 కంపనాలకు పైన వున్నవాటిని ఆపే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అమర్చాను. ఏడడుగుల దారి నడిచి రావడం వల్ల బాకా శబ్దం సెకనులో వెయ్యింట ఆరు వంతులు ఆలస్యమవుతుంది; మిగిలిన స్పీకర్లను అంతసేపు ఆగమని చెప్పేది కూడా ఆ పరికరమే.

మొదట ఒక్కొక్క నాదమే పలికించి చూశాను. 47 కంపనాల దగ్గర వంటింట్లో స్టీలుగిన్నెలు వంతపాడాయి. మా హాలు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. గోడకూ గోడకూ మధ్య అల ఇమిడిపోయే నాదాలు కొన్ని వుంటాయి. మా హాలుకు పొడవున 31 కంపనాలు, వెడల్పున 47. ఆ నాదాలు గోడల దగ్గర గట్టిగానూ, గది నడుమ పేలవంగానూ వినిపిస్తాయి. కనుక వినేవాడు ఎక్కడ కూర్చున్నాడన్నది కూడా ముఖ్యమే. నాన్నగారి పడక కుర్చీని నడిమి నుంచి జరిపి వెనక గోడ వైపు వేశాము.

ఒక పాత కచేరీలోని తని ఆవర్తనం పెట్టాను. ఒక్క వాటుకు మించి ఖర్చుకాలేదు. గదిలో హోరు లేదు, అదురు లేదు. ఎవరో నిజంగా మృదంగం ముందు కూర్చున్నట్టు ఎడమచేతి నాదం గుండ్రంగా వచ్చి కూర్చుంది. నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. కుర్చీచెయ్యి మీద ఆయన ఎడమచెయ్యి కదలడం మొదలుపెట్టింది. తని పూర్తయ్యేదాకా ఎవరమూ మాట్లాడలేదు. మెచ్చుకుంటారని నేను కాచుకుని వున్నాను.

“తొప్పికి రవ్వ కాస్త ఎక్కువైందిరా,” అన్నారు.

మర్నాడు అటక మీంచి మృదంగం దిగింది. మా ఆవిడ ఉప్మాకని ఉంచిన రవ్వలో గుప్పెడు ఖర్చయింది.

పైవాటావారి మాట

నాలుగోనాడు పైవాటాలో వుండే అమ్మాయి దిగివచ్చింది. చేతిలో ఐదునెలల పాప. “బాబాయిగారూ, మీరు గట్టిగా పెట్టడం లేదని తెలుసండీ. అయినా పాప ఉలిక్కిపడుతోంది,” అన్నది మొగమాటంగా.

మేడమీదకు వెళ్ళి విన్నాను. వయొలిన్ లేదు, గాత్రం లేదు. ‘గుం, గుం’ మాత్రం నేలలోంచి వస్తోంది. గోడ సన్నని నాదాలను ఆపినంత తేలికగా మంద్రాన్ని ఆపలేదు. ఊరేగింపుల్లో వీధి చివరనున్న బాక్సులకు మన కిటికీలు వణికేది ఇందుకే. గోడకు నురగ అట్టలు అంటిస్తే చాలునని కొందరు అంటారు. 28 అడుగుల అలకు రెండంగుళాల నురగ అట్ట ఏం అడ్డు?

చట్టం ఒకటుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాసప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. కాని ఆ కొలత చెవి తీరును అనుసరించి మంద్రాన్ని తక్కువగా లెక్కిస్తుంది. 50 కంపనాల నాదాన్ని అది 30 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. మీటరు ప్రకారం నేను నిర్దోషినే. కాని పాప మీటరు చూసి నిద్రపోదు కదా!

అందుచేత మీటరును పక్కనబెట్టి ఆ అమ్మాయితోనే ఒప్పందం చేసుకున్నాము. పెట్టె కింద దళసరి రబ్బరు దిమ్మలు వేయించాను. నేలకు పాకే అదురు కొంత తగ్గింది. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా, పాప మేలుకుని వుండే వేళలోనే, సంగీతం. మిగతా వేళల్లో బాకా నోరు మూసుకుంటుంది. నాన్నగారు ఆ గంటన్నర కోసం నాలుగింటికే తయారై కూర్చుంటారు.

చేసుకోదలచినవారికి

ముందు గుమ్మం కొలవండి, తరువాత హాలు కొలవండి, ఆ తరువాతే చెక్క కొనండి. కొట్టులో చెప్పిన మందాన్ని నమ్మక కొలబద్దను నమ్మండి. మేస్త్రీకి బొమ్మ ఇచ్చి ఊరుకోక, పని ఎందుకో కూడా చెప్పండి. తెలిసి చేసిన పని వేరు. కింది నాదాలను ఆపే పరికరం లేకుండా స్పీకరు మోగించకండి. ఇంట్లో ముసలివారి కోసం చేస్తున్నట్టయితే ముందు చెవి డాక్టరు చేత పరీక్ష చేయించండి. ఇది మందు కాదు. పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నదానికి మేత దొరుకుతుంది, అంతే. శబ్దం పెంచితే ఇంకా బాగా వినిపిస్తుందన్న ఆశ మాత్రం వద్దు. మిగిలిన వినికిడికి కూడా అది ముప్పే.

అన్నిటికంటే ముందు, పైవాటావారినీ పక్కవాటావారినీ పిలిచి కాఫీ ఇచ్చి సంగతి చెప్పండి. బాకాకు గొంతు మీ ఇంట్లో వుంటుంది గాని, నోరు అందరి ఇళ్ళలోనూ తెరుచుకుంటుంది.